సౌర కుటుంబం పాఠం అయిపోయాక: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కాజీపేట వైపు బడుల్లో సౌర కుటుంబం చెప్పడం పూర్తయ్యాక పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, అప్పుడప్పుడు తోటి టీచర్లు అడిగే ప్రశ్నలివి. పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పే ఉద్దేశం లేదు. విన్నదాంట్లో అర్థమైంది ఎంత, ఉత్తగా నోటికి వచ్చింది ఎంత అని తేల్చుకోవడానికే ఇది.

ఎనిమిది గ్రహాల పేర్లు వరసగా వచ్చేశాయి సార్. ఇంకా రివిజన్ చేయడానికి ఏముంది?

పేర్లు రావాల్సిందే. కానీ బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు అని గడగడా చెప్పే పిల్లలను "శుక్రుడు అర్ధరాత్రి నడినెత్తిన ఎందుకు కనిపించడు?" అని అడగండి. చాలామంది ఆగిపోతారు. జవాబు ఆ వరసలోనే ఉంది. శుక్రుడు మనకంటే లోపలి కక్ష్యలో తిరుగుతాడు. కాబట్టి మనకు ఎప్పుడూ సూర్యుడి దగ్గరలోనే కనిపించాలి. పొద్దు గుంకిన తర్వాత మహా అయితే మూడు గంటలు పడమర కనిపిస్తాడు, లేదంటే తెల్లవారుజామున తూర్పున వేగుచుక్కగా వస్తాడు. అర్ధరాత్రి మన నడినెత్తి సూర్యుడికి దాదాపు ఎదురు దిక్కున ఉంటుంది, అటువైపు శుక్రుడు రాలేడు.

ఒక విషయం తెలిసిందా లేదా అనడానికి నేను చూసే గుర్తు ఇదే: దాన్ని పట్టుకుని పుస్తకంలో రాయని ఇంకో విషయం చెప్పగలగాలి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద సౌర కుటుంబం గీయండి. గుర్తున్నంత వరకే. గ్రహాలు, ఉల్కలు, తోకచుక్కలు, కుజుడికీ గురుడికీ మధ్య గ్రహశకలాలు, ఏది గుర్తొస్తే అది. తర్వాత ఇంకో కాగితం మీద మూడు గడులు గీసి, తెలిసిన ప్రతి మాటనూ ఏదో ఒక గడిలో వేయండి. మొదటి గడిలో మన కళ్లతో చూసినవి. రెండో గడిలో లెక్క వేసో ఆలోచించో మనమే తేల్చుకోగలిగినవి. మూడో గడిలో పుస్తకం చెబితే నమ్మినవి.

మొదటిసారి చేసినప్పుడు దాదాపు అందరికీ మూడో గడే నిండుతుంది. సిగ్గుపడాల్సిన పని లేదు, నెప్ట్యూన్‌ను ఉట్టి కళ్లతో ఎవరూ చూడలేరు. అయితే మూడో గడిలో ఉన్నదాని పక్కన "ఎవరు, ఎట్లా కనుక్కున్నారు?" అని ఒక లైను రాయాలి. నెప్ట్యూన్‌నే తీసుకోండి. 1781లో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుక్కున్నాడు. తర్వాతి కాలంలో ఆ గ్రహం లెక్క ప్రకారం ఉండాల్సిన చోట ఉండట్లేదని తెలిసింది. బయట ఇంకో గ్రహం దాన్ని లాగుతోందని ఫ్రాన్స్‌లో లెవెరియర్ లెక్క కట్టాడు. బెర్లిన్‌లో గాలె 1846 సెప్టెంబర్ 23 రాత్రి టెలిస్కోప్ తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే దొరికింది. ఈ సంగతి ఒకసారి తెలిశాక యురేనస్ తర్వాత నెప్ట్యూన్ అనే వరసను ఎవరూ తారుమారు చేయరు.

వారం పోయాక మళ్లీ తెల్లకాగితంతో మొదలుపెట్టండి. రెండుసార్లూ ఖాళీగా మిగిలిన చోటే అసలు రివిజన్ చేయాలి. వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చదివితే మనసుకు హాయిగా ఉంటుంది, అంతకుమించి లాభం లేదు.

గుడిలో నవగ్రహాలు తొమ్మిది. పుస్తకంలో ఎనిమిది. ఏది రైటు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ప్లూటోను తీసేశారు కాబట్టి తొమ్మిది పోయి ఎనిమిది అయ్యాయని కొందరు పిల్లలు రెండింటినీ కలిపేస్తారు. నవగ్రహాల్లో ప్లూటో ఎప్పుడూ లేదు. దాన్ని కనుక్కున్నదే 1930లో.

రెండు జాబితాలనూ పక్కపక్కన రాసి చూడండి. రెండింట్లోనూ ఉన్నవి ఐదే: బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. ఇవి కంటికి కనిపించే గ్రహాలు. మన వారాల పేర్లలో ఉన్నవీ ఇవే, సూర్యచంద్రులు కలిస్తే ఏడు. పాతకాలం వాళ్లు నక్షత్రాల మధ్య చోటు మారుతూ పోయే ప్రతిదాన్నీ గ్రహం అన్నారు, అందుకే సూర్యుడు, చంద్రుడు ఆ లెక్కలోకి వచ్చారు. కాళ్ల కింద ఉన్న భూమి రాలేదు. యురేనస్, నెప్ట్యూన్ అప్పటికి తెలియవు. ఇప్పటి లెక్క సూర్యుడి చుట్టూ తిరిగేవాటిది. పరీక్షలో ఎనిమిది రాయండి, గుడిలో తొమ్మిదికీ ప్రదక్షిణ చేయండి, గొడవ లేదు. మిగిలిన రెండింటి సంగతి, అంటే రాహుకేతువుల సంగతి, గ్రహణాల దగ్గర చెప్తాను.

ఇంట్లో పంచాంగం ఉంది. దానితో సైన్సు రివిజన్ అవుతుందా?

బ్రహ్మాండంగా అవుతుంది. ఫలితాల గురించి కాదు నేను చెప్పేది, ఏ గ్రహం ఏ రాశిలో ఉందనే లెక్క గురించి. ఆ లెక్కను రాత్రి డాబా ఎక్కి ఆకాశంతో సరిచూసుకోవచ్చు. ఫలితాలను అట్లా సరిచూడలేం. ఈ తేడా పిల్లలకు స్పష్టంగా చెప్పాలి, కానీ పంచాంగాన్ని మూఢనమ్మకం అని మూలకు పడేయడం నాకైతే తెలివితక్కువగా అనిపిస్తుంది.

పుష్కరాలతో మొదలుపెడదాం. గురుడు మీనరాశిలోకి వచ్చాడని 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు జరిగాయి. మిథునంలోకి వచ్చాడని 2025 మేలో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు జరిగాయి. మీనం, మేషం, వృషభం, మిథునం: మూడేళ్లలో మూడు రాశులు జరిగాడు. అంటే రాశికి సుమారు ఒక ఏడాది. రాశులు పన్నెండు కాబట్టి సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి గురుడికి సుమారు పన్నెండేళ్లు పడుతుంది. గోదావరి పుష్కరాలు 2015 తర్వాత 2027లో రావడానికి కారణం అదే. ధర్మపురిలోనో కాళేశ్వరంలోనో మునక వేసిన ప్రతి ఒక్కరికీ గురుడి కక్ష్యాకాలం తెలిసినట్టే, ఆ పేరుతో తెలియదంతే.

పుస్తకంలో 11.86 ఏళ్లు అని ఉంటుంది. పన్నెండుకు కొంచెం తక్కువ. ఆ కొంచెం ఏళ్ల తరబడి పోగుపడితే ఏమవుతుంది? ఎప్పుడో ఒకసారి పన్నెండేళ్ల పండగ పదకొండేళ్లకే రావాలి. వచ్చింది కూడా. హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2022లో కాక 2021లోనే జరిగింది.

ఇంకా ముచ్చట పడేవాళ్లకు ఒక లెక్క. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని 1 అనుకుంటే గురుడి దూరం 5.2. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 5.2ని 5.2తో, వచ్చినదాన్ని మళ్లీ 5.2తో గుణించండి. 140.6 వస్తుంది. దానికి వర్గమూలం తీయండి. 11.86! కెప్లర్ 1619లో ప్రచురించిన నియమం ఇది. కుజుడి దూరం 1.52తో చేసి చూడండి, 1.87 ఏళ్లు, అంటే 680 రోజుల పైచిలుకు వస్తుంది. పుస్తకంలో 687 రోజులు. ఒక్కో గ్రహానికీ ఒక్కో సంఖ్య బట్టీ పట్టేకంటే ఇది తేలిక.

ఇక శని. ఏలినాటి శని ఏడున్నరేళ్లని ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. అది మూడు రాశుల కాలం. రాశికి రెండున్నరేళ్లు, పన్నెండు రాశులకు ముప్పై ఏళ్లు. సైన్సు పుస్తకంలో శని ఒక్కసారి తిరిగే కాలం 29.5 ఏళ్లు. గ్రహం దూరం పోయేకొద్దీ మెల్లగా నడుస్తుందని గురుడినీ శనినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలిసిపోతుంది.

రైతుల ఇళ్లలో కార్తెల లెక్క ఉంటుంది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. 365ని 27తో భాగిస్తే 13.5. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అనుకునే ఆ మే చివరి రోజుల్లో సూర్యుడు రోహిణి నక్షత్రం ఉన్న దిక్కున ఉంటాడు. అందుకే రోహిణి కార్తెలో రోహిణి కంటికి కనిపించదు. డిసెంబర్ రాత్రుల్లో అదే రోహిణి ఎర్రగా నెత్తిమీదికి వస్తుంది, ఎందుకంటే ఆ ఆరు నెలల్లో భూమి సూర్యుడికి అవతలి పక్కకు చేరింది. భూమి తిరుగుతోందనే మాటను మూడో గడి నుంచి రెండో గడికి మార్చడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

దూరాలు ఎంత చదివినా గుర్తుండట్లేదు. కోట్ల కిలోమీటర్లంటే బుర్ర పనిచేయదు.

ఎవరి బుర్రా పనిచేయదు. పుస్తకంలో బొమ్మ కూడా సాయం చేయదు, పేజీలో పట్టించాలి కాబట్టి గ్రహాలన్నీ పక్కపక్కనే కూర్చున్నట్టు గీస్తారు. మన ఊరి మీద పరిచి చూద్దాం.

కాజీపేట జంక్షన్‌లో సూర్యుడిని పెట్టి, వరంగల్ స్టేషన్‌లో నెప్ట్యూన్‌ను పెట్టండి. పట్టాల వెంట సుమారు పది కిలోమీటర్లు. ఈ కొలతలో సూర్యుడి అడ్డుకొలత మూడు మీటర్లు. బుధుడు 130 మీటర్ల దగ్గర, శుక్రుడు 240 మీటర్ల దగ్గర ఉంటారు. భూమి 330 మీటర్ల దగ్గర, ఉసిరికాయంత. దానికి 86 సెంటీమీటర్ల దూరంలో చంద్రుడు, సెంటీమీటర్ కంటే చిన్నగా. ఇప్పటివరకు మనిషి కాలు పెట్టిన దూరం ఆ 86 సెంటీమీటర్లే. కుజుడు అర కిలోమీటర్ దగ్గర వస్తాడు. అక్కడితో రాతి గ్రహాలు అయిపోయాయి, మనమింకా కాజీపేట దాటలేదు.

గురుడికి 1.7 కిలోమీటర్లు, శనికి 3.2, యురేనస్‌కు 6.4. అంటే దారిలో సగానికి పైగా నడిచాకే ఏడో గ్రహం వస్తుంది. గురుడు ఇక్కడ అందరిలోకీ పెద్ద, అయినా అడ్డుకొలత 32 సెంటీమీటర్లే. మిగిలినదంతా ఖాళీ. సౌర కుటుంబంలో ఎక్కువగా ఉన్నది ఖాళీయేనని పుస్తకంలో బొమ్మ చూసి ఎవరికీ తట్టదు.

ఇందులో నాకు బాగా నచ్చేది కాంతి లెక్క. సూర్యుడి నుంచి కాంతి మనకు చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు. మన కొలతలో అది 500 సెకన్లలో 330 మీటర్లు. మామూలు మనిషి నడక కంటే మెల్లగా! ఆ లెక్కన కాంతి కాజీపేటలో బయల్దేరి వరంగల్ చేరడానికి నాలుగు గంటల పైన పడుతుంది, నిజంగా నెప్ట్యూన్‌కు పట్టేదీ అంతే. ఇక సూర్యుడి తర్వాత మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి ఇదే కొలతలో 89,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నిజం భూమి చుట్టూ రెండుసార్లు తిరిగినా ఇంకా మిగులుతుంది.

చంద్రుడు పెరగడం, తరగడం భూమి నీడ వల్లే కదా?

కాదు. ఈ పొరపాటు పెద్దవాళ్లలో ఇంకా ఎక్కువ. పోగొట్టుకోవడానికి మనకు మంచి పండగ ఉంది.

ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు మొదలవుతుంది. ఆ సాయంత్రం చంద్రుడు ఉండడు. మూడో రోజో నాలుగో రోజో ఆడుకుంటూ పడమర చూస్తే సన్నటి నెలవంక కనిపించి తొందరగా దిగిపోతుంది. రోజురోజుకూ అది లావవుతూ సూర్యుడికి దూరం జరుగుతుంది. సద్దుల బతుకమ్మ అష్టమి ప్రాంతంలో వస్తుంది కాబట్టి ఆ సాయంత్రానికి సగం చంద్రుడు దక్షిణాన ఎత్తులో ఉంటాడు, అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు.

ఇప్పుడు ఆలోచించండి. సద్దుల నాడు సూర్యుడు పడమర దిగుతున్నాడు. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కున పడుతుంది, అంటే అప్పుడు తూర్పుకు. చంద్రుడేమో దక్షిణాన ఉన్నాడు. ఆ నీడ అక్కడిదాకా వంకర తిరిగి ఎట్లా పోతుంది? పోదు. చంద్రుడిలో సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది, ఆ ఎండ పడిన సగంలో మనకు ఎంత కనిపిస్తుందన్నదే రోజూ మారుతుంది. వెలిగిన వైపు సూర్యుడి దిక్కుకే తిరిగి ఉండటం కూడా గమనించండి.

మేడారం వెళ్లేవాళ్లు ఇంకోటి చూడొచ్చు. జాతర మాఘ పౌర్ణమి చుట్టూ జరుగుతుంది. పౌర్ణమి నాడు సూర్యుడు దిగే వేళకే చంద్రుడు తూర్పున లేస్తాడు, రాత్రంతా ఉంటాడు.

మరి పౌర్ణమికి భూమి మధ్యలో ఉంటుంది కదా, నెలనెలా గ్రహణం ఎందుకు రాదు?

చంద్రుడి దారి భూమి కక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. చాలా పౌర్ణములకు చంద్రుడు భూమి నీడకు పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. ఆ రెండు దారులూ ఒకదాన్నొకటి కోసుకునే చోట్లు రెండున్నాయి. పౌర్ణమో అమావాస్యో ఆ చోట్ల దగ్గర పడితేనే గ్రహణం. 2025 సెప్టెంబర్ 7 రాత్రి దేశమంతా చూసిన సంపూర్ణ చంద్రగ్రహణం అట్లా వచ్చిందే.

ఆ రెండు చోట్లకు మనవాళ్లు పెట్టిన పేర్లే రాహువు, కేతువు. అక్కడ రాయీ లేదు, వాయువూ లేదు. అయినా లెక్కకు అవి కావాలి, లేకపోతే గ్రహణం ఎప్పుడో చెప్పలేం. ఆ చోట్లు కూడా నిలకడగా ఉండవు, వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్లకు ఒక చుట్టు పూర్తి చేస్తాయి. పన్నెండు రాశులకు పంచితే రాశికి ఏడాదిన్నర. రాహువు ఏడాదిన్నరకోసారి రాశి మారుతుందని, ఎప్పుడూ వక్రగతిలోనే ఉంటుందని పంచాంగం చెప్పేది ఇదే.

వరంగల్ ఎండలు చూస్తే మేలో భూమి సూర్యుడికి దగ్గరగా పోయినట్టే ఉంటుంది. కాదంటారా?

అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. మనం స్వెట్టర్లు వేసుకునే రోజుల్లో అన్నమాట. దూరంగా ఉండేది జూలై మొదట్లో, 15.2 కోట్లు. కాబట్టి ఎండాకాలానికి దూరం కారణం కాదు, భూమి 23.5 డిగ్రీలు వాలి ఉండటమే కారణం.

దీన్ని పెరట్లో నిలువుగా పాతిన కర్రతో చూడొచ్చు. మన ఊరు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్‌లో మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పొడుగ్గా పడుతుంది. అది తగ్గుతూ వచ్చి మే రెండో వారంలో ఒకరోజు, మధ్యాహ్నం 12 గంటల 8 నిమిషాల ప్రాంతంలో, పూర్తిగా మాయమవుతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడన్నమాట. తర్వాత జూలై చివరిదాకా మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. ఇది చెబితే నమ్మని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, చూపించండి. జూలై చివర్లో రెండోసారి నీడ మాయమయ్యే రోజుకు మనకు మబ్బులే ఎక్కువ, దొరికితే అదృష్టం.

అయితే నిటారు ఎండ జూన్‌లోనూ ఉంది కదా, మేలోనే ఎందుకు ఎక్కువ మండుతుంది? జూన్‌లో మృగశిర వస్తుంది, మబ్బులు, వానలు మొదలవుతాయి. ఇది సౌర కుటుంబం ప్రశ్న కాదు, రుతుపవనాల ప్రశ్న. రెండు పాఠాలు కలిసే చోటు ఎక్కడో పిల్లలే చెప్పగలిగితే మార్కులు వేయొచ్చు.

సూర్యుడికి దగ్గర బుధుడు. కానీ వేడి శుక్రుడి మీద ఎక్కువంటారు?

బుధుడి మీద పగలు 430 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది, రాత్రి మైనస్ 180కి పడిపోతుంది. వేడిని పట్టి ఉంచే గాలి అక్కడ లేదు. శుక్రుడి మీద దట్టమైన వాతావరణం ఉంది, అందులో 96 శాతం కార్బన్ డయాక్సైడ్. వచ్చిన వేడి పోదు. రాత్రీ పగలూ 465 డిగ్రీల దగ్గరే ఉంటుంది. సోవియట్ వాళ్ల వెనెరా 13 నౌక 1982లో అక్కడ దిగి 127 నిమిషాలు పనిచేసింది, ఆ వేడిలో అదే చాలా గొప్ప.

ప్లూటోను ఎందుకు తీసేశారు?

2006 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సంఘం సమావేశంలో గ్రహానికి మూడు షరతులు పెట్టారు. సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుకు తానే గుండ్రంగా కావాలి, తన దారిలో ఇతర వస్తువులు మిగలకుండా చూసుకోవాలి. మూడోది ప్లూటోకు కుదరలేదు. మరుగుజ్జు గ్రహం అన్నారు. అది ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది. 2015 జూలైలో న్యూ హొరైజన్స్ నౌక దాని పక్కనుంచి వెళ్లి ఫొటోలు కూడా పంపింది.

చంద్రుళ్ల సంఖ్య పుస్తకంలో ఒకటి, ఫోన్‌లో ఒకటి. ఏది రాయాలి?

పరీక్షకు మీ పుస్తకంలో ఉన్నది రాయండి. నోట్సులో మాత్రం సంఖ్య పక్కన సంవత్సరం వేయండి. 2025 మార్చిలో శనికి ఒకేసారి 128 కొత్త చంద్రుళ్లను ప్రకటించారు, మొత్తం 274 అయ్యాయి. ఇది మారుతూనే ఉంటుంది. గురుడికి ఎక్కువా శనికి ఎక్కువా అనే ప్రశ్నకు ఎప్పటి లెక్క అని అడగకుండా జవాబు చెప్పలేం. ఇట్లాంటి సంఖ్యల మీద బిట్లు ఇవ్వడం మానేస్తే మంచిదని నా అభిప్రాయం, కానీ ఇస్తారు.

"గ్రహాలన్నీ ఒకే గీత మీదికి వస్తున్నాయి, భూమికి ప్రమాదం" అని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

2025 జనవరి, ఫిబ్రవరిలో కూడా ఇదే తిరిగింది. అప్పుడు నిజంగా సాయంత్రం శుక్రుడు, శని, గురుడు, కుజుడు ఒకేసారి కనిపించారు, చూడముచ్చటగా ఉండింది. గ్రహాలు ఆకాశంలో ఒక గీత మీద కనిపించడంలో వింత లేదు. వాటి కక్ష్యలన్నీ దాదాపు ఒకే తలంలో ఉన్నాయి, కాబట్టి ఎప్పుడు చూసినా సూర్యచంద్రులు పోయే దారిలోనే ఉంటాయి. అవన్నీ సూర్యుడికి ఒకే పక్కన ఉన్నా మన మీద వాటి ప్రభావం లెక్కలోకి రాదు. సముద్రంలో ఆటుపోట్లు తెచ్చేది చంద్రుడు, సూర్యుడు మాత్రమే. టెన్షన్ పడకుండా డాబా ఎక్కండి.

చంద్రయాన్, ఆదిత్య ప్రయోగాలను పాఠంతో ఎట్లా కలపాలి?

తేదీలు అడిగి వదిలేయకుండా "ఎందుకు ఆ రోజే?" అని అడిగితే కలుస్తుంది. చంద్రయాన్-3 ల్యాండర్ 2023 ఆగస్టు 23న దక్షిణ ధ్రువం వైపు దిగింది. పద్నాలుగు రోజులు పనిచేయాలని ముందే అనుకున్నారు. పద్నాలుగే ఎందుకు? అది సౌర విద్యుత్తుతో నడుస్తుంది, చంద్రుడి మీద ఒక పగలు మనకు సుమారు పద్నాలుగున్నర రోజులు. అమావాస్య నుంచి పౌర్ణమికి పట్టే కాలం ఎంతో గుర్తు తెచ్చుకోండి, రెండూ ఒకే తిరుగుడు నుంచి వచ్చినవే. అందుకే అక్కడ తెల్లవారే సమయం చూసి దింపారు.

సూర్యుడిని పరిశీలించే మన ఆదిత్య-ఎల్1 నౌక 2024 జనవరి 6న తన చోటికి చేరింది. సూర్యుడి దగ్గరికి వెళ్లిందని పిల్లలు రాస్తారు. వెళ్లింది 15 లక్షల కిలోమీటర్లు, సూర్యుడి దూరం 15 కోట్లు. అంటే వందో వంతు. మన కాజీపేట కొలతలో భూమి నుంచి మూడు మీటర్లు జరిగింది.

నేను పెద్దగా చదువుకోలేదు సార్. మా పాపకు ఎట్లా సాయం చేయాలి?

చెప్పాల్సిన పని లేదమ్మా, చెప్పించుకోండి. రోజూ ఒక విషయం మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. ఆమె చెప్పాక ఒక్క ప్రశ్న వేయండి: "అది ఎట్లా తెలిసిందే?" మీకు జవాబు తెలియకపోయినా పర్వాలేదు. ఆమె తడబడితే ఏం చదవాలో ఆమెకే తెలుస్తుంది. మీకు తెలిసినవి కూడా తక్కువేం కావు. ఏ కార్తెలో ఏ గింజ వేయాలో, తదియ నాడు చంద్రుడు ఎప్పుడు లేస్తాడో నాయనమ్మలకు తెలిసినంత పిల్లలకు తెలియదు. అడిగి రాసుకోమనండి. గైడు కొనిచ్చి జవాబులు బట్టీ పట్టించడం మాత్రం వద్దు.

రేపే పరీక్ష. ఇవన్నీ ఇప్పుడెట్లా?

ఈ రాత్రికి పుస్తకమే చదువుకోండి, పడుకోండి. మిగిలినవి పరీక్ష అయ్యాక.

ఆకాశం చూడటానికి టెలిస్కోప్ కొనాలా? ఎక్కడికి పోవాలి?

మొదటి ఏడాది ఏమీ కొనొద్దు. చవక టెలిస్కోప్‌లు వణుకుతాయి, పిల్లలకు ఆసక్తి చచ్చిపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మనకు ఆకాశం శుభ్రంగా ఉంటుంది. హన్మకొండ చౌరస్తా వెలుతురులోనూ గురుడు, శుక్రుడు కనిపిస్తారు. నక్షత్రాలు కూడా కావాలంటే నర్సంపేట, ములుగు వైపు చుట్టాల ఊరికి వెళ్లినప్పుడు చూడండి. ఉత్తరాన ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి 18 డిగ్రీల ఎత్తులో, అంటే చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తులో ఉంటుంది. మన అక్షాంశం ఎంతో ఆకాశమే చెబుతుంది.

కొనాలనిపిస్తే 7×50 లేదా 10×50 బైనాక్యులర్ (7 లేదా 10 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు) కొనండి. గోడకు ఆనించి గురుడి వైపు పెడితే పక్కన చుక్కల్లా చంద్రుళ్లు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగూ అవే. రోజూ ఒకే సమయానికి వాటి చోటు నోట్సులో గీస్తే అవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని మూడు నాలుగు రాత్రుల్లో మీకే తెలుస్తుంది. శని వలయాలకు మాత్రం ఇది చాలదు, కనీసం 25 రెట్లు పెద్దది చేసి చూపే టెలిస్కోప్ ఉండాలి. 2025లో వలయాలు మనకు అంచు వైపు తిరిగి దాదాపు కనిపించకుండా పోయాయి. మళ్లీ ఏడాదికేడాది విచ్చుకుంటాయి.

సూర్యుడి వైపు బైనాక్యులర్ గానీ టెలిస్కోప్ గానీ ఎప్పుడూ తిప్పనివ్వొద్దు. గ్రహణం నాడు ఎక్స్‌రే ఫిల్ములు, కూలింగ్ గ్లాసులు పనికిరావు. గ్రహణం కోసం చేసిన కళ్లద్దాలు లేకపోతే అట్టముక్కకు సూదితో చిల్లు పెట్టి, గోడ మీద పడిన సూర్యుడి బింబాన్ని చూపించండి.